పదోసారికి వచ్చే బలం

ఆ వీధిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. చిన్నాపెద్దా అందరికీ ఆయన కత్తెర మామే. బస్టాపు ఎదురుగా రెండు కుర్చీల సెలూన్ ఆయనది. కిటికీ పక్క కుర్చీ మామది, గోడ పక్కది ఆయన బావమరిదిది. ముప్ఫయ్యొక్కేళ్ళుగా అదే కిటికీ, అదే కుర్చీ. మామ చేతిలో తల పెట్టినవాళ్ళు సగం పనిలోనే కునుకు తీసేవాళ్ళు. అంత తేలిక చెయ్యి.

అలాంటి మనిషికి యాభైనాలుగో ఏట ఒళ్ళు మొరాయించడం మొదలుపెట్టింది.

ముందు కాళ్ళు. మధ్యాహ్నం జనం పలచబడ్డాక మామ పొట్టి స్టూలు మీద కూర్చుని పేపరు చదవడం మామూలు. ఒకరోజు పేపరు మడిచి లేవబోతే లేవలేకపోయాడు. బావమరిది చూసి నవ్వాడు.

"ఏంటి బావా, స్టూలు వదలనంటోందా?"

"నేనంటే దానికి అంత ప్రేమరా" అని మామ కూడా నవ్వేశాడు. కానీ కుర్చీ చెయ్యి పట్టుకుంటే తప్ప లేవలేకపోయాడు.

తర్వాత కుర్చీ మీట. కూర్చున్నవాళ్ళని కాస్త పైకి లేపాలంటే కింద ఉన్న మీటని పాదంతో నాలుగుసార్లు తొక్కాలి. ఇప్పుడు మొదటి తొక్కుకి కుర్చీ ఉలకదు, పలకదు. రెండు, మూడు, నాలుగు... ఆరో ఏడో తొక్కుకి మాత్రం పాదంలోకి ఎక్కడినుంచో సత్తువ దిగి వచ్చి కుర్చీ జుయ్యిమని లేచేది. మీటకి నూనె లేదనుకుని నూనె పోశాడు. నూనె లోపం కాదని తెలిశాక ఇక ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

నోరు ఎండిపోయేది. రోజూ ఒక సీసా తాగే నీళ్ళు మూడు సీసాలయ్యాయి. ఇల్లు రెండో అంతస్తులో. మెట్ల మలుపు దగ్గర ఆగి, కిటికీలోంచి ఏదో చూస్తున్నట్టు నిలబడేవాడు. పైనుంచి భార్య కనిపెడుతూనే ఉంది. "ఆ కిటికీలోంచి ఎదురింటి నీళ్ళ ట్యాంకు తప్ప ఇంకేం కనబడదు. అంతసేపు ఏం చూస్తున్నారో చెబితే నేనూ వచ్చి చూస్తా" అంది ఒకరోజు. ఆవిడ లాండ్రీ కౌంటర్లో పని చేస్తుంది. చొక్కా కాలరు చూసి మనిషి ఎలా ఉన్నాడో చెప్పేసే రకం. ఆవిడ దగ్గర దాచడం మామ తరం కాదు. అయినా దాచాడు.

చివరికి చేతుల వంతు వచ్చింది. బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఇరవయ్యేళ్ళుగా మామ కుర్చీలో తప్ప కూర్చోడు. ఆ రోజు చెవి వెనక కత్తిరిస్తుంటే కత్తెర పూర్తిగా మూసుకోలేదు. వెంట్రుకలు తెగకుండా మధ్యలో ఇరుక్కుని లాగాయి. "అబ్బా!" అన్నాడాయన. మామ కత్తెర విప్పి మెల్లగా వెంట్రుకలు విడిపించాడు. పై నెల ఆ పెద్దాయన వచ్చి, కాసేపు అటూ ఇటూ చూసి, గోడ పక్క కుర్చీలో కూర్చున్నాడు. "ఇటైతే ఫ్యాను గాలి బాగా వస్తుంది" అన్నాడు. ఉన్నది ఒకటే ఫ్యాను, అది రెండు కుర్చీలకీ సరిగ్గా మధ్యలో ఉంది. మామ తలెత్తి ఫ్యాను వంక చూసి, "అవును సార్, అటు బాగా వస్తుంది" అన్నాడు.

అప్పటినుంచి ఆయన ఒక ఉపాయం పట్టాడు. పని మొదలుపెట్టే ముందు కర్టెన్ వెనక్కి వెళ్ళి గాలిలో కత్తెరని పదిసార్లు గట్టిగా ఆడించేవాడు. మొదటి నాలుగైదుసార్లు వేళ్ళు గుడ్డముక్కల్లా ఉండేవి. పదోసారికి పట్టు వచ్చేది. ఆ పట్టు ఉన్న ఒకటి రెండు నిమిషాల్లో కష్టమైన చోట్లన్నీ గబగబా కానిచ్చేసేవాడు. మళ్ళీ సడలితే మళ్ళీ కర్టెన్ వెనక్కి. "బావకి కొత్త చాదస్తం పట్టుకుంది" అనుకున్నాడు బావమరిది.

చాదస్తం ఎన్నాళ్ళు కాపాడుతుంది? ఒక ఉదయం ఎవరికో గడ్డం గీస్తున్నాడు. నురగ రాసిన మెడ మీద కత్తి ఆనించి ఉండగా పిడి వేళ్ళ మధ్య కొంచెం జారింది. తెగలేదు. కూర్చున్నాయనకి తెలియనైనా తెలియదు. మామకి మాత్రం తెలిసింది. కత్తి తుడిచి, మడిచి, సొరుగులో పెట్టాడు. "ఒరే, సార్‌ని నువ్వు చూడు" అని బయటికొచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. ఆ రోజు తర్వాత ఆ సొరుగు తెరవలేదు.

ఇంటికెళ్ళి భార్యకి అంతా చెప్పాడు. చెబుతూ చెబుతూ ఏడ్చాడు. ఆవిడ చెప్పులేసుకుంది. "పదండి, డాక్టరు దగ్గరికి."

మొదటి డాక్టరు నిలబడి చేసే పని కదా అని బలం బిళ్ళలు రాశాడు. రెండు నెలలు మింగినా ఫలితం లేదు. రెండో డాక్టరు తన రెండు వేళ్ళు చాపి, గట్టిగా పట్టుకోమన్నాడు. మామ పట్టుకున్నాడు. అది పట్టులా లేదు. "ఇంకా గట్టిగా... ఇంకా..." అంటూ డాక్టరు పట్టిస్తూ పోతే, కాసేపటికి ఆయన వేళ్ళు నొప్పెట్టేలా నొక్కాడు మామ.

డాక్టరు వేళ్ళు విదిలించుకుని, "చూశారా, బలం ఉంది. మీరే మొదట్లో మనసు పెట్టట్లేదు. దిగులు ఏమైనా ఉందా ఇంట్లో?" అన్నాడు.

మామ తల దించుకున్నాడు. భార్య మాత్రం లేచి నిలబడింది. "ముప్ఫయ్యేళ్ళు మనసు పెట్టి పనిచేసిన చేతులండీ ఇవి. మనసు లేకపోవడమేంటి? ఇంకెవరి దగ్గరికి వెళ్ళాలో అది చెప్పండి" అంది. ఆవిడ గొంతు చూసి ఆ డాక్టరు పెద్దాసుపత్రి నరాల విభాగానికి చీటీ రాసిచ్చాడు. ఆ ఒక్క చీటీకి మామ ఇప్పటికీ ఆయన్ని తిట్టనివ్వడు.

పెద్దాసుపత్రిలో నరాల పరీక్ష గది మూడో అంతస్తులో, కారిడార్ చివర. పరీక్ష చేసే అమ్మాయికి ముప్ఫయ్యేళ్ళుంటాయేమో. చిటికెన వేలి కింది కండ మీద చిన్న బిళ్ళ అంటించి, మణికట్టు దగ్గర కరెంటుతో చురుక్కుమనిపించింది. తెర మీద ఒక చిన్న గుట్టలా గీత లేచి పడింది. నరం పంపిన కబురుకి కండ ఎంతగా స్పందించిందో ఆ గుట్ట ఎత్తు చెబుతుందట. మామ గుట్ట మరీ పొట్టిగా ఉంది. కాలి దగ్గరా అంతే. అమ్మాయి అంకెలు రాసుకుని, "అయిపోయిందండీ, తుడుచుకోండి" అంది.

మామకి ఎందుకో తప్పు చేసినవాడిలా అనిపించింది. "ఏమనుకోకు తల్లీ" అన్నాడు. "నా చెయ్యి మొదట్లో ఇట్లాగే మొండికేస్తుంది. పదిసార్లు ఆడిస్తే గానీ దారికి రాదు."

అమ్మాయి తీయబోతున్న బిళ్ళ మీద వేలు అలాగే ఆపేసింది. "ఏమన్నారు? మళ్ళీ చెప్పండి."

చెప్పాడు. మీట సంగతి, కర్టెన్ సంగతి, కత్తెర సంగతి, అన్నీ. ఏడు నెలల్లో ఏ డాక్టరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ అమ్మాయి కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని మొత్తం విన్నది.

"చిటికెన వేలు బయటికి చాపండి. నేను నొక్కి పట్టుకుంటా, మీరు బలమంతా పెట్టి తొయ్యండి. పది అంకెలు లెక్కపెడతాను."

మామ పళ్ళు బిగించి తోశాడు. పది అనగానే మణికట్టు దగ్గర చురుక్కుమంది. తెర మీద గుట్ట ఇందాకటి కంటే నాలుగింతలు లేచింది. అమ్మాయి గట్టిగా ఊపిరి పీల్చింది. మూడు నిమిషాలు ఊరికే ఉండమని మళ్ళీ చూసింది. గుట్ట మళ్ళీ పొట్టిదైపోయింది. మళ్ళీ పది అంకెలు. మళ్ళీ కొండంత.

"ఇక్కడే కూర్చోండి, ఎక్కడికీ వెళ్ళకండి" అంటూ కారిడార్ పొడుగునా పరిగెత్తింది. మామ బెదిరిపోయి భార్య వంక చూశాడు. "ఏమైందే?"

"ఏమో. కానీ ఆ పిల్ల మొహంలో భయం లేదు" అంది ఆవిడ.

నరాల డాక్టరమ్మ వచ్చింది. తలనెరిసిన మనిషి, నిదానంగా మాట్లాడుతుంది. తెర చూసి, మోకాళ్ళ మీద చిన్న సుత్తితో కొట్టి, కాళ్ళు ఆడించి మళ్ళీ కొట్టి, చివరికి సంబంధం లేనట్టున్న ప్రశ్న ఒకటి వేసింది.

"సిగరెట్లు తాగుతారా?"

"ఇరవయ్యో ఏటినుంచి" అన్నాడు మామ.

"రేపే ఛాతీ స్కాన్ తీయిద్దాం. రక్తం కూడా పరీక్షకి పంపుతా."

చెయ్యి పట్టు సడలితే ఛాతీ ఎందుకు చూడాలో ఆ రోజు ఎవరికీ అర్థం కాలేదు. నాలుగు రోజులకి తెలిసింది. ఊపిరితిత్తి మొదట్లో బఠానీ గింజంత గడ్డ ఉంది. మంచిది కాదు. వేగంగా పెరిగే జాతి. దగ్గు లేదు, ఆయాసం లేదు, ఏ సూచనా లేదు. సాధారణంగా ఆ జాతి గడ్డ బయటపడేసరికి ఒళ్ళంతా పాకేసి ఉంటుందట. ఇది ఇంకా పుట్టినచోటే ఉంది.

ఆ మాట విని మామ కారిడార్లో బెంచీ మీద కూలబడ్డాడు. భార్య మందుల కాగితాల కోసం కిందికెళ్ళింది. నరాల పరీక్ష అమ్మాయి డ్యూటీ దిగి, బ్యాగు భుజాన వేసుకుని అటుగా వచ్చి, ఆయన్ని చూసి ఆగింది.

"అసలు నాకేమైంది తల్లీ? డాక్టరమ్మ చెప్పింది. కానీ నాకు చెవికెక్కలేదు" అన్నాడు.

ఆ అమ్మాయి బెంచీ మీద పక్కనే కూర్చుని ఒక పాత రిపోర్టు వెనక బొమ్మ గీయడం మొదలుపెట్టింది.

"ఇది నరం కొస. ఇది కండ. రెండూ ఒకదాన్నొకటి తగలవు. మధ్యలో సన్నటి సందు. ఈ కొస లోపల చిన్న చిన్న తిత్తులుంటాయి, కంటికి కనబడనంత చిన్నవి. వాటి నిండా ఒక రసాయనం. అది సందు దాటి కండని చేరితే కండ బిగుస్తుంది."

"మరి తిత్తులు ఎలా పగులుతాయి?"

"పగలవు, గోడకి అతుక్కుని నోరు తెరుస్తాయి. దానికి పెద్ద ఏర్పాటే ఉంది. ప్రోటీన్లు ఉంటాయి చూశారా..."

"ప్రోటీన్లంటే పప్పూ గుడ్లూ అంటారు, అవేనా?"

అమ్మాయి నవ్వింది. "తినేవి అవే. కానీ లోపల ఒక్కో ప్రోటీన్‌ది ఒక్కో ఉద్యోగం. కొన్ని ఈ తిత్తుల్ని తెచ్చి సరిగ్గా గోడ అంచున వరసగా నిలబెడతాయి. కొన్ని దారాల్లా ఉంటాయి. తిత్తి నుంచి ఒకటి, గోడ నుంచి ఒకటి వచ్చి సగం మెలిపడి, ఎప్పుడంటే అప్పుడు లాగడానికి సిద్ధంగా ఉంటాయి."

"మా సెలూన్లో అయితే, మనిషిని కూర్చోబెట్టి మెడకి గుడ్డ కట్టేసి ఉంచినట్టన్నమాట. ఇక కత్తెర పడడమే తరువాయి."

"అంతే! పక్కనే గోడలో కాల్షియం వచ్చే తలుపులుంటాయి. అవి కూడా ప్రోటీన్లే. ఇంకొన్ని ప్రోటీన్లు ఆ తలుపుల్నీ తిత్తుల్నీ దగ్గర దగ్గరగా కట్టి ఉంచుతాయి. నరంలోంచి ఆజ్ఞ వస్తుంది, తలుపులు తెరుచుకుంటాయి, కాల్షియం లోపలికి దూకుతుంది. తిత్తి మీద కూర్చున్న కాపలా ప్రోటీన్ దాన్ని పసిగడుతుంది. దారాలు బిగుస్తాయి, తిత్తి నోరు తెరుస్తుంది. ఇదంతా రెప్పపాటులో వందో వంతు కూడా పట్టదు."

మామ తన చేతిని తిప్పి చూసుకున్నాడు. కత్తెర ఒక్కసారి మూయడం వెనక ఇంత సంసారం ఉందని ముప్ఫయ్యొక్కేళ్ళలో ఎప్పుడూ అనుకోలేదు.

"మీకు ఆ తలుపులు తక్కువైపోయాయి" అంది అమ్మాయి. "ఆజ్ఞ వస్తోంది. కాల్షియం కొంచెమే వస్తోంది. కొన్ని తిత్తులే తెరుచుకుంటున్నాయి. మీరు పదిసార్లు ఆడించేసరికి, కొంచెం కొంచెం వచ్చిన కాల్షియం బయటికి పోయేలోపు పోగుపడుతుంది. అప్పుడు కావలసినన్ని తెరుచుకుంటాయి."

మామ బొమ్మ మీదికి వంగి చూశాడు. "అయితే నేను మనసు పెట్టకపోవడం కాదన్నమాట."

"మీరు పెట్టిన మనసు ఇక్కడిదాకా వచ్చింది" అని నరం కొస మీద పెన్ను ఆనించింది. "తలుపే తెరుచుకోలేదు."

అంతే, ఆయన కళ్ళు నిండాయి. ఇన్నాళ్ళూ గడ్డ కన్నా ఎక్కువగా కుళ్ళబొడిచింది ఆ మాటే. తను బద్ధకిస్తున్నాడేమోనని తనకే అనుమానం వచ్చేసింది మరి.

"ఇంతకీ తలుపుల్ని ఎవరు పాడుచేశారు?"

"మీ ఒళ్ళే. ఆ గడ్డలోని కణాల మీద కూడా సరిగ్గా ఇవే తలుపులుంటాయి. మీ రక్తంలోని రక్షణ గడ్డని శత్రువని గుర్తుపట్టింది, ఆ తలుపుల మీద పడింది. అవే తలుపులు నరాల కొసల్లోనూ కనబడేసరికి వాటినీ వదల్లేదు."

"అంటే పాపం, నా కోసమే కొట్లాడుతోంది. మధ్యలో నా చేతికి దెబ్బ తగిలింది."

"ఆ దెబ్బ తగలకపోతే గడ్డ సంగతి మనకి తెలిసేదే కాదు" అంది ఆ అమ్మాయి.

భార్య తిరిగొచ్చేసరికి మామ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంటున్నాడు. "ఏంటది?" అంటే, "మన ఇంటి ప్లాను" అన్నాడు. కబురు విన్నప్పటినుంచి ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి హాస్యం అది. ఆవిడకి అర్థం కాకపోయినా ధైర్యం వచ్చింది.

చికిత్స ఆరు నెలలు పట్టింది. నరాల కోసం ఒక మాత్ర ఇచ్చారు. అది నరంలో ఆజ్ఞ కాస్త ఎక్కువసేపు నిలిచేలా చేస్తుందట, ఉన్న తలుపులే ఇంకాసేపు తెరుచుకుని ఉండేలా. మాత్ర మొదలుపెట్టిన వారంలో మామ కుర్చీ చెయ్యి పట్టుకోకుండా లేచి నిలబడ్డాడు. లేచినవాడు మళ్ళీ కూర్చుని మళ్ళీ లేచాడు. "చాల్లెండి, సినిమా హాల్లో వచ్చేపోయేవాళ్ళకి దారిచ్చినట్టు" అంది భార్య కళ్ళు తుడుచుకుంటూ.

గడ్డకిచ్చే మందు మాత్రం మామని పిండి ఆరేసింది. రెండో విడతకి దిండు నిండా జుట్టు. ఒక ఆదివారం సెలూన్ మూసి, లోపల బావమరిది ఆయన్ని కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. ముప్ఫయ్యొక్కేళ్ళలో మామ ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. "ఎలా కావాలి సార్?" అన్నాడు బావమరిది.

"పక్కల తగ్గించి పైన కాస్త ఉంచవయ్యా" అన్నాడు మామ, చేతికొచ్చే వెంట్రుకలు చూపించి. ఇద్దరూ పడీపడీ నవ్వారు. తర్వాత బావమరిది తల గీస్తూ అద్దంలో కళ్ళు కలపలేదు. మామ కూడా వెతకలేదు. బ్యాంకు పెద్దాయన షట్టరు సందులోంచి తొంగిచూసి లోపలికొచ్చాడు. కాసేపు నిలబడి, "కిటికీ పక్కనే గాలి బాగుంటుంది. నువ్వు తిరిగొచ్చాక నా చోటు ఇదే" అన్నాడు. తను తెచ్చిన పళ్ళ సంచీ అద్దం ముందు పెట్టి వెళ్ళిపోయాడు.

గడ్డ కరిగిపోయింది. మూడు నెలలకోసారి స్కాన్, తర్వాత ఆరు నెలలకి. స్కాన్ ముందు రోజు ఇంట్లో ఎవరికీ అన్నం దిగేది కాదు. ప్రతిసారీ డాక్టరమ్మ "శుభ్రంగా ఉంది" అనేది. రక్తంలోని ఆ కొట్లాట నెమ్మదించేకొద్దీ కొత్త తలుపులు వచ్చి చేరాయి. నరాల పరీక్షలో గుట్ట ఏడాదిలో ఇంచుమించు మామూలు మనిషి గుట్టంత అయింది. ఆ రోజు పరీక్ష చేసే అమ్మాయి తెర మీది బొమ్మని అచ్చు తీసి ఇచ్చింది. భార్య దాన్ని ఫ్రిజ్ మీద అంటించింది. ఇంటికొచ్చినవాళ్ళు ఏ కొండ ఫొటో అని అడిగితే, "మా ఆయన చిటికెన వేలు" అనేది.

కత్తెర త్వరగానే చేతికొచ్చింది. గడ్డం కత్తే పట్టాలనిపించలేదు. నేర్చుకునే రోజుల్లో చేసినట్టు బెలూన్ ఊది, నురగ రాసి, గీయడం మొదలుపెట్టాడు. మొదటి రోజు మూడు బెలూన్లు పేలాయి. మూడుసార్లూ గోడ పక్క కుర్చీలో ఉన్నాయన ఎగిరిపడ్డాడు. మూడు వారాలకి వరసగా పదిహేను బెలూన్లు పేలకుండా గీశాడు. అయినా మనిషి మెడ అంటే చెయ్యి వెనక్కి పోయేది.

ఒకరోజు బావమరిది వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, గడ్డం పైకెత్తి కళ్ళు మూసుకున్నాడు.

"ఏంట్రా?"

"గడ్డం బావా. రేపు ఫొటో దిగాలి."

"ఒరే, నాకు ధైర్యం చాలదురా."

"నీ ధైర్యంతో నాకేం పని? నా ధైర్యం నేను తెచ్చుకున్నాగా. కానియ్యి" అన్నాడు వాడు, కళ్ళు తెరవకుండానే.

మామ గీశాడు. మామూలుగా పది నిమిషాల పని ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. అయ్యాక బావమరిది చెంపలు నిమురుకుని, "ఎడమవైపు ఒక వెంట్రుక వదిలేశావు" అన్నాడు. మామ వాణ్ణి కావిలించుకుని చాలాసేపు వదల్లేదు.

ఇది జరిగి ఆరేళ్ళయింది. అన్నీ పూర్వంలా అయిపోలేదు. ఎక్కువ మెట్లు ఇప్పటికీ పడవు. అందుకే ఇల్లు కింది అంతస్తుకి మార్చారు. బీరువా మొయ్యడానికి వీధిలో సగంమంది వచ్చారు. సెలూన్లో ఒక పూటే పనిచేస్తాడు. సిగరెట్టు మళ్ళీ ముట్టలేదు. గురువారాలు మాత్రం సంచీ సర్దుకుని పెద్దాసుపత్రికి వెళతాడు. వార్డుల్లో మంచం దిగలేనివాళ్ళకి జుట్టు కత్తిరిస్తాడు, గడ్డాలు గీస్తాడు. మందుకి జుట్టు రాలుతున్నవాళ్ళు గొడవ చేయకుండా ఆయనకి తల అప్పగిస్తారు. ఏం చెబుతాడో ఏమో, చాలామంది నవ్వుతూనే గుండు చేయించుకుంటారని నర్సులు అంటారు.

పని అయ్యాక మూడో అంతస్తుకి లిఫ్టులో వెళ్ళి నరాల పరీక్ష గదిలోకి తొంగిచూస్తాడు. మొన్న వెళ్ళేసరికి ఆ అమ్మాయి కొత్తగా చేరినవాళ్ళు నలుగురికి పాఠం చెబుతోంది. "రండి మామా, సమయానికి వచ్చారు" అని కుర్చీ వేసి, ఆయన కథంతా వాళ్ళకి చెప్పింది. యంత్రాన్ని ఎక్కడ ఆనించి నొక్కాలో, ఎన్ని అంకెలు లెక్కపెట్టాలో వాళ్ళు శ్రద్ధగా రాసుకున్నారు.

"మీరేమైనా చెబుతారా?" అని అడిగింది వాళ్ళలో ఒకమ్మాయి.

మామ సంచీ ఒళ్ళో పెట్టుకున్నాడు. "నేను చదువుకున్నవాణ్ణి కాదమ్మా. ఆ రోజు ఈవిడ పరీక్ష అయిపోయాక కూడా నా మాట ఆగి విన్నది. కూర్చుని విన్నది. నేను బతికున్నది అందుకే. మీరు కూడా అట్లా వినండి" అన్నాడు.

పాఠం చెబుతున్న అమ్మాయి యంత్రం తీగలు సర్దుతూ తల తిప్పుకుంది. మామ ఆవిడ జడ వంక చూసి, "తల్లీ, జుట్టు కొసలు చీలిపోతున్నాయి. వచ్చే గురువారం కత్తిరిస్తాను, ఒక పావుగంట చూసుకో" అని సంచీ భుజాన వేసుకున్నాడు.